కరిగినప్పుడే తెలిసే గుణం

తిరుమల లడ్డూ గురించి చెప్పుకోని తెలుగిల్లు ఉండదు. దాన్ని ఇంటిదాకా మోసుకొచ్చే కవరు గురించి మాత్రం ఎవరం మాట్లాడుకోం... చిరిగితే తప్ప! మా ఇంట్లో అలా కుదరదు. తిరుపతిలో కవర్లు ఊదే మిషన్ మీద పాతికేళ్లు పనిచేసిన మేనమామ ఉన్నాడు మరి. ఏ కవరు చేతికొచ్చినా దాని జాతకం వినాల్సిందే.

కవర్లు ఊదడమంటే నిజంగా ఊదడమే. ప్లాస్టిక్ గింజల్ని కరిగిస్తారు. గుండ్రటి సన్నని సందులోంచి గొట్టంలా పైకి లాగుతూ లోపలికి గాలి నింపుతారు. అది నిలువెత్తు బుడగలా ఉబ్బుతుంది. చల్లారాక చదును చేసి చుట్టలు చుడతారు. బుడగ నిలకడగా ఉంటే కవరంతా ఒకే మందంతో వస్తుంది. ఊగిందంటే ఒకచోట దళసరి, ఒకచోట పలచన.

"కరిగినప్పుడే దాని గుణం తెలుస్తాదిరా అబ్బోడా. గట్టిపడినాక అన్నీ ఒగటే మాదిరి కనపడతాయి" అంటాడు మామ.

ఆయనకు పేరు తెలియకపోయినా ఆ మాట వెనక ఒక శాస్త్రమే ఉంది. పదార్థాలు ఎలా పారతాయో, ఎలా సాగుతాయో చెప్పే ఆ శాస్త్రాన్ని రియాలజీ అంటారు. నేను దాని వెంటపడటానికి కారణం మామ మిషనే. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల కన్నా, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు కుదరవన్నారు. మంచిదే. చెత్తకుప్పల దగ్గర కవర్లు నమిలే ఆవుల్ని చూసినవారెవరూ కాదనరు. కానీ మామ పనిచేసే చిన్న యూనిట్‌లో మిషన్ ఆగిపోయింది.

మట్టిలో కలిసిపోయే కంపోస్టబుల్ కవర్లకు ఈ మందం నిబంధన లేదు. 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర డీఆర్‌డీవో రూపొందించిన అలాంటి సంచుల అమ్మకం మొదలైంది. మొక్కజొన్న పిండిపదార్థంతో చేసినవి. అది చూసి మామ అడిగిన ప్రశ్న ఒక్కటే... "ఆ సరుకు మన మిషన్ మీద ఆడతాదా?"

చిక్కంతా అక్కడే. మట్టిలో కలిసే ప్లాస్టిక్కుల్లో కొన్ని కరిగితే జావలా అయిపోతాయి. బుడగను నిలబెట్టే సత్తువ ఉండదు. శాస్త్రవేత్తలు వెతికిన మందుల్లో ఒకటి మనకు బాగా తెలిసిందే. మట్టి!

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది కదా. అందులోని మాంట్‌మోరిల్లొనైట్ లాంటి ఖనిజాల గుణమది. అప్పడాల దొంతరలా పొరలు పొరలుగా ఉంటాయి. ఒక్కో పొర మందం దాదాపు ఒక నానోమీటరు, అంటే మీటరులో వందకోట్లవ వంతు. ఒక్క గ్రాము మట్టిలోని పొరలన్నీ విడదీసి పరిస్తే సుమారు 700 చదరపు మీటర్లు. మన లెక్కలో ఎనిమిది వందల గజాల స్థలం!

1980ల చివర్లో జపాన్‌లో టయోటా పరిశోధకులు నైలాన్‌లో ఈ మట్టిని 5 శాతం లోపే కలిపారు. 65 డిగ్రీల దగ్గర బరువుకు వంగిపోయే నైలాన్, సుమారు 150 డిగ్రీల దాకా తట్టుకుంది. తర్వాత దాన్ని కారు ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు కవరుకు వాడారు.

పొరలు విడిపోయిన మట్టి కలిసిన ప్లాస్టిక్ కరిగినప్పుడు రెండు రకాలుగా నడుచుకుంటుంది. నెమ్మదిగా కదిపితే పొరలు ఒకదానికొకటి ఆనుకుని వల కట్టి, తోడుకున్న పెరుగులా నిలబడతాయి. గట్టిగా తోస్తే పంటకాలువలో ఆకుల్లా అన్నీ ఒకే దిక్కుకు తిరిగి సాఫీగా పారతాయి. ఆపితే మళ్లీ మెల్లగా బిగుసుకుంటాయి. పలమనేరు కుమ్మరి సారె మీది మట్టిని చూడండి... చెయ్యి నొక్కితే లొంగుతుంది, వదిలితే నిలబడుతుంది. బుడగకు కావాల్సిందీ అదే. పైగా ఈ పొరలు అడ్డం పడటంతో గాలి కవరులోంచి చుట్టూ తిరిగి రావాలి. లోపలి తినుబండారానికి అది మేలే.

అయితే పొరలు విడిపోకపోతే ఈ మట్టికీ మామూలు సుద్దపొడికీ తేడా ఉండదు. నీటిని ఇష్టపడే మట్టి పిండిపదార్థంతో కలుస్తుంది గానీ, నూనె గుణమున్న పాలిథీన్‌తో కలవదు. అందుకే ముందు కొన్ని సేంద్రియ లవణాలతో మట్టి స్వభావం మారుస్తారు. పొరలు విడిపోయాయో లేదో తెలిసేదెలా? సూక్ష్మదర్శిని చూపేది చిటికెడంతలో చిటికెడు. కరిగిన ముద్దను మెల్లగా అటూ ఇటూ కదిపి అది ఎంత ఎదురు తిరుగుతుందో కొలిస్తే మొత్తం సంగతి బయటపడుతుంది. మామ చెప్పిన మాటే కదా ఇది!

ఇదంతా చెబితే ఆయన కాసేపు ఆలోచించాడు. "అయితే కలిపేదాంట్లోనే ఉండాది పనంతా. ఆ కొలిచే యంత్రం మన బోటోళ్లకు యాడ దొరకతాది?" అన్నాడు.

నిజమే. చిన్న యూనిట్‌కు అది కొనే స్తోమత లేదు. కానీ 2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. ఏర్పేడు మనకేమీ దూరాభారం కాదు. అలాంటి చోట చదువుకునే పిల్లలు ఒక పూట మామ లాంటివారి పక్కన నిలబడి ఆ బుడగ ఊగడం చూడాలని, మామ లాంటివారు ఒక పూట వాళ్ల ప్రయోగశాల గడప తొక్కాలని నా కోరిక. పాతికేళ్ల అనుభవం మూలన పడిన మిషన్‌తో పాటే తుప్పు పట్టిపోకూడదు కదా!