లెక్కకు అందని రేవువాడ

కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డునున్న వాట్‌గంజ్ పేరులో ఒక ఇంగ్లీషు దొర సగం మిగిలి ఉన్నాడు. ఆయన కల్నల్ హెన్రీ వాట్సన్. 1780 ఆగస్టులో వారెన్ హేస్టింగ్స్, ఫిలిప్ ఫ్రాన్సిస్ పిస్తోళ్లతో తలపడినప్పుడు ఫ్రాన్సిస్ పక్షాన సాక్షిగా నిలిచిన సైనికాధికారి. ఆ రోజుల్లోనే ఆయన ఇక్కడ ఓడల నిర్మాణం మొదలుపెట్టి, 1781లో నాన్‌సచ్ అనే ఓడను నీట దించాడు. పెట్టుబడి మాత్రం మునిగింది. దొర ఇంగ్లండ్ చేరి 1786లో కన్నుమూశాడు. సగం పేరు జనం నోట మిగిలింది.

ఈ చిన్న వాడ చరిత్రంతా ఇలా వచ్చిపోయేవారిదే. ఒప్పంద కూలీలు పక్కనున్న గార్డెన్ రీచ్ డిపోల్లో పడిగాపులు కాసి ఓడలెక్కేవారు. 1873 ఫిబ్రవరిలో లల్లా రూఖ్ ఓడ వారిని సురినామ్‌కు తీసుకెళ్లింది. ఆ దేశం పేరుతో అక్కడ ఒక ఘాట్ నేటికీ ఉంది. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు తరలిన తెలుగువారి కథ తెలిసినవారికి ఈ ఘాట్ పరాయిదనిపించదు.

1892లో కిద్దర్‌పూర్ డాక్ తెరుచుకున్నాక సరుకు దించే కూలీలు బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చి స్థిరపడ్డారు. 1943 డిసెంబర్ 5న జపాన్ బాంబులకు బలైనవారిలో అలాంటి కూలీలెందరో. తర్వాత నది మేటవేసింది. ఫరక్కా బ్యారేజీ వచ్చినా పెద్ద ఓడలు హల్దియాకే మళ్లాయి. ఇక్కడ పని తగ్గింది. నగర జనాభా కూడా 2001లో 45.7 లక్షలుంటే 2011లో 44.9 లక్షలకు దిగింది.

ఈ అంకెల్లో ఇమడని వారూ ఉన్నారు. వాట్‌గంజ్‌లోని ఎర్రదీపాల వీధుల్లో బతికే మహిళలకు కార్డు కావాలంటే చిరునామా చూపాలి, చిరునామా చూపితే గుట్టు రట్టవుతుంది. అలాంటివారికి, వృత్తి బయటపడకుండా ఆధార్ ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2022 మేలో. అదీ కోల్‌కతాలో హత్యకు గురైన ఒక సెక్స్‌వర్కర్ కేసుతో మొదలైన విచారణలోనే.

2021లో జరగాల్సిన జనగణన వాయిదాపడి 2027కు చేరింది. పుట్టిన ఊరేది, ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయింది అని 2011లో సిబ్బంది ఇంటింటా అడిగారు. వాట్‌గంజ్‌లో ఎవరినైనా నిజంగా తెలుసుకోవాలంటే అడగాల్సినవి ఆ రెండు ప్రశ్నలే. జవాబు చెప్పడానికి భయపడే వారి తలుపూ తట్టినప్పుడే ఆ లెక్క పూర్తవుతుంది.