మిద్దె మీద యాసంగి

బోయిన్‌పల్లిలో ఉంటూ మిద్దె మీద కూరగాయలు పెంచుతున్నానంటే మా ఆఫీసులో నవ్వుతారు. నవ్వరా మరి! ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కూరగాయల మార్కెట్ యార్డు ఉంది. తెల్లారక ముందే మేడ్చల్, సిద్దిపేట, వికారాబాద్ వైపుల నుంచి బండ్లు వచ్చేస్తాయి. దసరా దాటితే చాలు, గోబిపువ్వు, క్యాబేజీ గుట్టలు గుట్టలుగా కనిపిస్తాయి. అమ్ముడుపోనిదీ నలిగిందీ అక్కడే మిగిలిపోతుంది. ఆ చెత్త నుంచి బయోగ్యాస్, కరెంటు తీసే ప్లాంటు గురించి 2021 జనవరి 31న ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పారు. రోజుకు 10 టన్నుల వ్యర్థాలు, సుమారు 500 యూనిట్ల కరెంటు అని అప్పటి లెక్క. దాని టెక్నాలజీ మన తార్నాకలోని ఐఐసీటీ వాళ్లది.

ఇంత సంత పక్కన పెట్టుకుని కుండీలెందుకంటే, మా అమ్మ కోసం. నాన్న పోయాక ఊరి నుంచి తీసుకొచ్చాను. జీవితమంతా మట్టిలో పనిచేసిన మనిషికి వాటా ఇంట్లో పొద్దు పోదు. "సంక్రాంతి దాంక చూస్త బిడ్డా, ఆ తర్వాత ఊరికి పోత" అంది. ఊళ్లో ఇప్పుడు పొలం లేదు, తోడూ లేదు. అందుకని ఈ తోట నాకు వీకెండ్ సరదా కాదు.

ఓనరు గారు ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు. స్లాబ్ మధ్యలో బరువు వద్దు, బీముల వెంట 12 టబ్బులకు మించొద్దు. న్యాయమే. 20 లీటర్ల బకెట్ నిండా తడిమట్టి ఉంటే 25 కిలోలకు తగ్గదు. అందుకే ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి, గుప్పెడు వేపపిండి వేశాం. బరువు తగ్గింది, నీళ్లూ నిలవవు.

ఇక 12 టబ్బుల్లో ఏం వెయ్యాలి? చలికాలం కదా, గోబి, క్యాబేజీ, బ్రకోలీ అన్నాను నేను. అమ్మ నన్ను మార్కెట్‌కు తీసుకెళ్లి ఆ గుట్టలు చూపించింది. "గోబిపువ్వు ఒక్కసారి కోస్తే అయిపాయె. దానికోసం కుండీని మూడు నెలలు కట్టేస్తవా? గదే పాలకూరయితే కోసినకొద్దీ వస్తది."

నిజంగా లెక్క చూస్తే ఆమె మాటే సరి. చలికాలంలో రైతు ఎకరాలకెకరాలు పండించి చవగ్గా ఇచ్చేది మనం కుండీలో పండించి లాభం లేదు. లారీ ప్రయాణంలో వాడిపోయేవి, పదే పదే కాసేవి మిద్దెకు తగినవి. ఆకుకూరలు మధ్యాహ్నానికే తలవాలుస్తాయి. దూరం పంపే టమాటాలను దోరగా ఉండగానే కోసేస్తారు.

చివరికి ఇలా పంచాం. పాలకూర, మెంతి, కొత్తిమీర, చుక్కకూరకు 4 టబ్బులు. వీటికి అర అడుగు లోతు మట్టి చాలు. మెంతి మూడు నాలుగు వారాల్లోనే కోతకొస్తుంది. టమాటకు 3, వంకాయకు 2. వీటికి అడుగుకు పైన లోతుండాలి, టబ్బుకు ఒక్క మొక్కే. ముల్లంగికి 1, నలభై యాభై రోజుల్లో చేతికొస్తుంది. మిగిలిన 2 చిక్కుడుకు.

చిక్కుడు మీద అమ్మ పట్టుదలకు కారణముంది. మన నాటు చిక్కుడు పగటిపూట తగ్గితే గానీ పూతకు రాదు. అందుకే అది చలికాలపు కాయ. సంక్రాంతికి చిక్కుడుకాయ కూర లేకపోతే ఆమెకు పండగే కాదు.

నా ఇంజినీరింగ్ కూడా ఒకచోట పనికొచ్చింది. డిసెంబరులో మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి, సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మూడడుగుల పిట్టగోడ నీడ రెండున్నర అడుగుల దాకా పడుతుంది. కాబట్టి దక్షిణపు గోడ పక్కన ఆకుకూరలు, ఎండ బాగా కావాల్సిన టమాట, వంకాయ, చిక్కుడు ఉత్తరం వైపు. మీరూ టబ్బులు సర్దేముందు ఒకసారి నీడ ఎక్కడ పడుతుందో చూసుకోండి. బరువయ్యాక జరపడం కష్టం.

మంచు మొదలయ్యాక చిక్కుడుకు పేనుబంక పట్టింది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రాలు కొట్టాం. తగ్గింది.

ఇప్పుడు పందిరి నిండా ఊదా పూలు. కింది వాటా అత్తమ్మ కొత్తిమీర కోసం పైకొచ్చి, అమ్మతో గంట మాట్లాడితే గానీ దిగదు. వేసవిలో ముల్లంగి టబ్బులో బెండ పెడదామని మొన్న అమ్మే అంది. ఊరి ప్రయాణం సంగతి నేనూ గుర్తు చేయలేదు.