మా యింటి లారీ పద్దు

లారీల మరమ్మతును గూర్చి స్త్రీ వ్రాయుటేమని సోదరీమణులు కొందఱు నవ్వుకొనవచ్చును. మా వారు తోట చూచుకొందురు. లారీ నడుపువాడు మా మరిది. దానికి డీజిలు పోయుటకు, టైర్లు మార్చుటకు, షెడ్డులో మేస్త్రికి కూలి యిచ్చుటకు పైకము లెక్కవేసి తీసి యిచ్చుదానను నేను. కావున ఆ బండి జబ్బులన్నియు నా పద్దుపుస్తకములోనికి వచ్చి తీరవలెను. అందులో నా తప్పిదము వలన ఎక్కిన పద్దొకటి కలదు. దానిని చెప్పుటకే యీ వ్యాసమునకు పూనుకొంటిని. కాని ముందుగా బండి సంగతి కొంత తెలియనిదే అది యర్థము కాదు.

మాది దామలచెరువు దగ్గఱి పల్లె. తోతాపురి మామిడి కోతకు వచ్చెనన్న మా చిత్తూరు సీమలో దారులన్నియు బండ్లతో నిండిపోవును. గుజ్జు తీయు కర్మాగారముల వాకిట లారీలును, ట్రాక్టర్లును బారులు తీరియుండును. ఒక్కొక్క యేడు రాత్రింబగళ్లు కాచుకొన్నను వంతు రాదు. బండిలో కాయ మగ్గిపోవుచుండును. మామిడి ముగిసిన పిదప మదనపల్లె టొమాటోలు, చిత్తూరు బెల్లము మాకు బాడుగ. మాది ఆఱు చక్రముల మధ్యరకపు లారీ. 2003లో తయారైనది, మా యింటికి వచ్చునాటికే యొకరి చేతిలో నాలుగేండ్లు అరిగినది.

నాకు మొట్టమొదట బోధపడిన జబ్బు వేడి. ఎత్తెక్కునప్పుడు ముల్లు ఎఱ్ఱగీటు దాటుచున్నదని మరిది చెప్పగా, ఇంజను పని చేయింపవలెనేమో, ఎన్ని వేలగునో యని నా గుండె గుభేలుమనెను. తిరుపతిలోని షెడ్డునకు నేనును వెంట పోతిని. మేస్త్రి రేడియేటరు విప్పి, లోపలి సన్నని గొట్టములను చూపెను. వానియందు తెల్లని పెచ్చు కట్టియున్నది. మా యింట నీళ్లు కాచు అండా అడుగున కట్టు పెచ్చునకును దానికిని భేదము లేదు. మా సీమ బోరునీళ్లలో సున్నము మెండు. క్లీనరు దారిలో ఏ బోరు కనబడిన అక్కడ పట్టి పోయుచుండెను. ఆ పెచ్చు వేడిని వెలికి పోనీయదు. నాటినుండి బ్యాటరీకి పోయు శుద్ధజలమును, కూలెంటును కలిపి పోయించుచున్నాను.

ఫ్యాను బెల్టు పగుళ్లిచ్చినను, నీటి పంపు కారినను ఇదే వేడి పుట్టును. అవి చిన్న ఖర్చులు. వానిని ఉపేక్షించి, వేడెక్కిన ఇంజనునే నడిపితిమా, హెడ్డు క్రింది గాస్కెటు పోయి నీరు ఇంజను ఆయిలులో కలియును. ఆయిలు కొలుచు పుల్లను తీసి చూచినప్పుడు అది పాలు కలిపిన కాఫీవలె కనబడిన, బండిని అక్కడనే నిలిపివేయవలెను. ఉడుకుచున్న రేడియేటరు మూత నెన్నడును తీయరాదు. ఆవిరి పోకముందే కుక్కరు మూతతో పెనగులాడినవారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు.

పొగ రంగును బట్టి లోపలి సంగతి తెలియుననియు ఆ మేస్త్రియే చెప్పెను. నల్లపొగ వచ్చిన ఇంజనునకు గాలి చాలలేదు, లేదా డీజిలు మితిమీరి పడుచున్నది. గ్రానైటు క్వారీల దారిలో తిరిగిన బండికి గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోవుట సామాన్యము. నీలిపొగ యైన ఆయిలు మండుచున్నది, రింగులు అరిగియుండవచ్చును. డీజిలు బొత్తిగా అడుగంటువఱకు నడిపిన గొట్టములలో గాలి జొరబడును. మరల డీజిలు పోసినను ఇంజను కదలదు. చేతిపంపు కొట్టి ఆ గాలిని వెడలగొట్టవలెను. ఈ పని మా మరిది ఏటికి రెండుసార్లైనను నడిరోడ్డు మీద చేయును. డీజిలు ముల్లును చూచుట మగవారికి అవమానము కాబోలు.

వెనుక కమాను పట్టీ ఒక యేడు రెండుమారులు విఱిగెను. పట్టీ నాసిదేమో యని మేస్త్రిని అడిగితిని. “బరువు మీరేస్తారు, తిట్లు పట్టీకి పడతాయి తల్లీ” అని అతడు నవ్వెను. ఇంటికి వచ్చి నా పుస్తకము తిరుగవేసి చూడగా, రెండును మామిడి నెలలలోనే విఱిగినవి.

ఇక బ్రేకులు. పెద్ద లారీలకు గాలి బ్రేకులుండును. మా బండికున్నవి ఆయిలు బ్రేకులు. పెడలు త్రొక్కిన ఆయిలు గొట్టముల వెంట చక్రముల కడకు పోయి, అచ్చటి చిన్న సిలిండరుల ద్వారా లైనర్లను డ్రమ్మున కంటించును. ఆ సిలిండరులలో రబ్బరు కప్పులు కలవు. అవి ముదిరి ఆయిలు కారుట పాతబండ్లకు పరిపాటి. ఆయిలు లైనరుకు తగిలిన పట్టు జాఱును. అదిగాక ఈ ఆయిలు గాలిలోని చెమ్మను పీల్చుకొనును. రెండేండ్లకొకసారి మార్చనిచో, కనుమ దిగునప్పుడు పుట్టు వేడికి ఆ చెమ్మ ఆవిరియగును. అప్పుడు పెడలు దూదిని త్రొక్కినట్లు లోనికి దిగునే కాని బండి నిలువదు.

2019 జులైలో మేస్త్రి వెనుక చక్రము లోపలివైపు తడిసియుండుట చూచి, అన్ని చక్రముల కప్పులు, లైనర్లు, ఆయిలు మార్పించుమనెను. పదునాలుగు వేలగును. ఆ వారమే మా అమ్మాయి కళాశాల ఫీజు కట్టవలసియుండెను. మరిది వచ్చి, “ఏం చేద్దాం వదినా?” అని యడిగెను. “ఇన్నాళ్లు ఆగింది, ఇంకో నెల ఆగదా? ఆయిలు తగ్గితే పోసుకో నాయనా” అంటిని. ఫీజు కట్టితిని.

పదియవనాటి రాత్రి మదనపల్లెలో టొమాటో పెట్టెలు నింపుకొని, పీలేరు మీదుగా తిరుపతికి వచ్చుచుండిరి. భాకరాపేట కనుమ దిగవలెను. ఆ కనుమ యెట్టిదో మా సీమవారెఱుగుదురు. తరువాత 2022 మార్చిలో నిశ్చితార్థమునకు పోవుచున్న వారి బస్సు లోయలో పడినది అక్కడనే. సగము దిగునప్పటికి లైనరు కాలిన వాసన వచ్చెనట. పెడలు మెత్తబడెను. మరిది గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, లోయవైపు పోనీయక బండిని కొండవైపు కాలువలోనికి త్రోలెను. అది గట్టును ఒరసికొని నిలిచెను. అతనికి నుదుట గాయము. క్లీనరుగా నున్న పొరుగింటి కుఱ్ఱవానికి ఎడమచేయి విఱిగెను.

ఆ కుఱ్ఱవాని తల్లి ఆసుపత్రిలో నా చేతులు పట్టుకొని, “మీరు కాబట్టి ఖర్చంతా పెట్టుకున్నారమ్మా, ఇంకొకరైతే పట్టించుకుంటారా?” అని కన్నీరు పెట్టుకొనెను. నేనేమియు పలుకలేకపోతిని. మా మరిదియు నేటివఱకు ఆ ‘ఇంకో నెల’ మాట నెత్తలేదు. ఎత్తియుండినచో నాకు కొంత సుఖముగా నుండెడిది.

తరువాత తెలిసిన సంగతి మఱొకటి కలదు. కనుమ దిగునప్పుడు డీజిలు మిగులునని కొందఱు డ్రైవర్లు ఇంజను ఆపి న్యూట్రలులో వదలుదురు. కాలి త్రొక్కుడునకు బలము చేర్చు సాధనము మా బండిలో ఇంజనుతో తిరుగు పంపు మీద ఆధారపడినది. ఇంజను ఆగిన కొన్ని త్రొక్కుళ్లకే పెడలు రాయివలె బిగియును. ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనని మేస్త్రులు చెప్పుట ఇందుకే. మా మరిది డీజిలు మిగిల్చిన దినములలో నేనతనిని మెచ్చుకొనియుంటిని. ఎట్లు మిగిలెనో యడుగలేదు.

ఎనిమిదేండ్లు దాటిన బాడుగబండికి ఏటేటా యోగ్యతాపత్రము పొందవలెను. దానిని మా వైపు ఎఫ్.సి. యందురు. ప్రమాదము నాటికి మాకదియు నుండెను. కప్పు కారుట పరీక్ష యైన పిమ్మట మొదలైనది. ఇప్పుడు నా పుస్తకములో బ్రేకులకు వేఱొక పుట గలదు. ఆ పుటకు ముందు ఫీజులు గాని, పండుగ బట్టలు గాని రావు.

కుఱ్ఱవాని చేయి అతికినది; బరువెత్తిన నొచ్చునట. వాని తల్లికి చదువు రాదు. ఎవరైన ఈ వ్యాసమును ఆమెకు చదివి వినిపింపకముందే నేనే చెప్పవలెనని మొన్న వారి గుమ్మము వఱకు పోతిని. ఆమె మామిడికోతకు పోయియున్నది. కోడలు పీట వేసి, మజ్జిగ యిచ్చెను. త్రాగి, రేపు వత్తునని చెప్పి వచ్చితిని.