బొమ్మకు తొడిగిన కోటు

మా నాన్నగారు 40 ఏళ్లుగా సినిమాలకు బట్టలు కుడుతున్నారు. మేముండేది హైదరాబాదులో, కృష్ణానగర్‌లో. జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ అక్కడికి దగ్గరే. అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు ఆ చుట్టుపక్కలవే.

సినిమాకు ఒక్క కోటు కుడితే చాలదు. హీరోకు ఒకటి, అతనికి బదులు దూకే డూప్‌కు ఒకటి, చిరిగితే మార్చటానికి ఇంకొకటి కావాలి. చూసేవారికి అన్నీ ఒక్కలాగే కనబడాలి. తొడుక్కునే ఒళ్లు మాత్రం వేరు.

నేను నాన్నగారి దగ్గర కత్తిరింపు నేర్చుకుని, తరవాత ఆ పనే కంప్యూటరు మీద నేర్చుకున్నాను. అది ఎలా జరుగుతుందో చెబుతాను. నారింజతొక్క ఒలిచి బల్లమీద పరచండి. ఎక్కడో చిరిగితే తప్ప అది చదునుగా పరుచుకోదు. దర్జీపని ఇందుకు తలకిందులు. చదునైన గుడ్డను గుండ్రని ఒంటికి అమర్చాలి. అందుకే ముక్కలు కత్తిరించి కలిపి కుడతారు.

కంప్యూటరులో ముందు మనిషి కొలతలతో ఒక బొమ్మను నిలబెడతాము. ముక్కలు గీసి, ఏ అంచును ఏ అంచుతో కుట్టాలో చెబుతాము. యంత్రం గుడ్డను చిన్న చిన్న త్రికోణాల వలగా తీసుకుని, దాని బరువూ, సాగే గుణమూ లెక్కగట్టి బొమ్మకు తొడుగుతుంది. బిగువైన చోట ఎరుపు చూపుతుంది. ఇంత చేసినా మూరెడు గుడ్డ ఖర్చు కాదు!

ఒకసారి ఒక డూప్‌కు కోటు కావలసి వచ్చింది. అతను తాడుకు వేలాడుతూ మేడమీది నుంచి దిగాలి. సినిమావాళ్లు పంపిన కొలతలతో బొమ్మ తయారయింది. దాని చెయ్యి పైకెత్తించి చూస్తే ఎక్కడా ఎరుపు లేదు. నాన్నగారు తెరను చూశారు, వాకిట్లో నిలబడిన మనిషినీ చూశారు.

"అమ్మాయీ, బొమ్మకు రెండు భుజాలూ సమం. ఇతనికి కుడిభుజం దిగి ఉంది. ఏమయ్యా, ఎప్పుడైనా పడ్డావా?" అన్నారు.

"అవును మాస్టారూ, ఆరేళ్లయింది," అన్నాడతను.

భుజాల వెడల్పు అనే ఒక్క అంకె, ఏ భుజం దిగిందో చెప్పదు. కొలిస్తే తేడా అరంగుళం. బొమ్మ కుడిభుజాన్ని అంతమేర దించగానే చంక కింద ఎర్రబడింది. తాడుమీద ఉన్నవాడికి చెయ్యి ఆడకపోతే ప్రాణాపాయం కదా! చంక గుండ్రాన్ని కిందికి దించి, లూజు పెంచి కుట్టాము. అతను క్షేమంగా దిగాడు.

మన దేశస్థుల ఒంటితీరుకు సరిపడే సైజులు నిర్ణయించటానికి నిఫ్ట్ సంస్థ 'ఇండియాసైజ్' అనే పని చేపట్టింది. హైదరాబాదుతో సహా ఆరు నగరాలలో, 15 నుంచి 65 ఏళ్లలోపు వారిని 25,000 మందికి పైగా స్కానర్లతో కొలవాలని సంకల్పించింది. ఆ కొలతలవల్ల కొట్లో కొనే చొక్కాలు మనకు మరింత బాగా అమరుతాయి. అయినా ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కొక్క తీరు. అందుకే నాన్నగారి పాత నోటుపుస్తకాలలోని కొలతలను, పక్కన ఆయన రాసుకున్న "ఎడమభుజం దిగుడు", "వీపు వంగుడు" అన్న మాటలతో సహా, నేను కంప్యూటరులో ఎక్కిస్తున్నాను.

మీ చొక్కా ఎప్పుడూ ఒకవైపుకే జారుతుందా? అద్దం ముందు నిటారుగా నిలబడి మీ భుజాలు చూసుకోండి.