ఇర్వింగ్‌లో గడివేముల కబుర్లు

నంద్యాల జిల్లా గడివేముల నుంచి అమెరికాలోని ఇర్వింగ్ వచ్చిన కొత్తల్లో మా పదేళ్ల బాబు బడిలో నోరే విప్పలేదు. డబ్బాలో పెట్టిన ఉగ్గాని పెట్టినట్టే తిరిగొచ్చేది. బెంగ పడతాడని నేనూ ఊరి మాట ఎత్తనిచ్చేదాన్ని కాదు.

ఓ ఆదివారం థామస్ జెఫర్సన్ పార్కుకెళ్లాం. 2014 అక్టోబరు 2న ఆవిష్కరించిన గాంధీ విగ్రహం ఉందక్కడ. చూడగానే "అమ్మా, మన తాత!" అంటూ పరుగెత్తాడు. ఆ పూటంతా ఊరి కబుర్లే! నా పొరపాటు అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు మా మండలం గని దగ్గరి సోలార్ పార్కు బొమ్మ గీయించి బడికి పంపాను. వెయ్యి మెగావాట్లని వాడు చెబితే పిల్లలంతా చుట్టూ మూగారట!

ఇప్పుడు రోజూ రాత్రి అవ్వతో ఫోను. అక్కడ తెల్లారే వేళ. ఉగ్గాని డబ్బా ఖాళీగా వస్తోంది. స్నేహితుడికీ కాస్త పెట్టమంటున్నాడు. పిల్లలకి ఊరు మరిపించకండమ్మా, మాట్లాడనివ్వండి.