పొత్తిగుడ్డలో బుల్లి పాదాలు

గుంటూరులో అమరావతి బస్సెక్కితే ముప్పై అయిదు కిలోమీటర్ల ప్రయాణం. లాం, తాడికొండ దాటుతుంటే రోడ్డుకి అటూ ఇటూ పత్తిచేలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. కిటికీ పక్కన కూచున్నారో, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవాల్సిందే!

మీలో చాలామంది అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, కృష్ణలో కాళ్లు తడుపుకుని వచ్చేసి ఉంటారు. ఈసారి వెళ్తే పాత స్తూపం దాకా, అక్కడి మ్యూజియం దాకా కూడా నడవండి. శుక్రవారం మాత్రం సెలవు.

నేను చెప్పబోయే శిల్పం మాత్రం అక్కడ లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ దొర ఈ దిబ్బ తవ్వించాడు. ఆ రాళ్లు 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. 1880 నుంచీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒక పలక మీద బుద్ధుడి పుట్టుక కథ నాలుగు ముక్కలుగా చెక్కారు. పైన మాయాదేవి కల, దాని ఫలం చెప్పడం. కింద ప్రసవం. ఆ పక్కన, బిడ్డని శాక్యుల కులదేవత గుడికి తీసుకురావడం. పుట్టిన పిల్లల్ని మనం గుడికి తీసుకెళ్లమూ? అలాగే. కాకపోతే ఇక్కడ బిడ్డకి దేవుడే వంగి దణ్ణం పెడతాడు.

విచిత్రమేమిటంటే, బిడ్డ కనిపించడు! బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా గుర్తులతో చెప్పే పద్ధతి అది. ఆవిడ చేతుల్లో పరిచిన గుడ్డ, దాని మీద బుల్లి పాదాల గుర్తులు. అంతే.

మరి ఆ ఎత్తుకున్నావిడ ఎవరు? కొందరు మాయాదేవి అంటారు. కొందరు పినతల్లి గౌతమి అంటారు. ప్రసవమైన ఏడో రోజునే మాయాదేవి కన్నుమూస్తే, చెల్లెలు గౌతమే బిడ్డని సాకిందని కథ. తరవాత ఆవిడే మొదటి భిక్షుణి అయిందట.

మా అమ్మ పోయేటప్పటికి నాకు తొమ్మిది నెలలు. నన్ను పెంచింది మా పిన్ని. మొన్న తనతోనే వెళ్లాను. స్తూపం దగ్గర చెట్టు నీడన కూచుని, పులిహోర పొట్లం విప్పి, నా పుస్తకంలో ఉన్న ఆ పలక ఫొటో చూపించాను.

"పిల్లాడేడే?" అంది.

పాదాలు చూపించి, రెండు వాదనలూ చెప్పాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"పిన్నే అయ్యుంటుందే. కన్నతల్లయితే చంకనేసుకుని చకచకా పోతుంది. ఈవిడ చూడు, ఒకరి బిడ్డ, ఎక్కడ జారిపోతాడోనని రెండు చేతులూ చాపి పట్టుకుంది" అంది.

రాయి అంత మాట చెబుతుందో లేదో నాకు తెలీదు. కానీ ఇన్నేళ్లూ పిన్ని మనసులో ఆ భయం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ముప్పై ఏళ్లుగా మిరపకాయ తొడిమలు తీసి కాయలు కాచిన ఆ చేతుల్లో పొట్లం పెట్టి, "తిను పిన్నీ" అన్నాను. ఇంకేం మాట రాలేదు.

మీ ఇళ్లలోనూ ఒకరి బిడ్డని సాకిన పిన్నో, మేనత్తో, అమ్మమ్మో ఉండే ఉంటారు. అమరావతి వెళ్లేటప్పుడు వాళ్లనీ బస్సెక్కించండి. పులిహోర మాత్రం కాస్త ఎక్కువే కలపండి!