ఆ వారంలో ఏం మారింది?

"అదే సభ, అదే మనుషులు. వారంలో ఏం మారిపోయింది పిన్నీ?"

పొద్దున కాఫీ తాగుతుంటే మా అక్క కూతురు అడిగింది. కొరియన్ డ్రామాల పిచ్చి దానికి. అలా అక్కడి రాజకీయాల్లోకీ దిగింది.

2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించాడు. గంటల్లోనే పార్లమెంటు దాన్ని కొట్టేసింది.

7న అభిశంసన ఓటింగ్. 300 మందిలో 200 ఓట్లు కావాలి. ప్రతిపక్షాలకున్నవి 192.

అధికార పక్షం ఎంపీలు దాదాపు అందరూ లేచి బయటికి వెళ్లిపోయారు!

ఎందుకో తెలుసా? అది రహస్య ఓటింగ్. లోపల కూర్చుంటే ఎవరు ఎటు వేశారో పార్టీకి తెలీదు. బయటికి రమ్మంటే, లోపల మిగిలినవాడు అందరి కళ్లలో పడతాడు. ఓటుకున్న రహస్యాన్నే పోగొట్టారన్నమాట. నాకు చాలా కోపమొచ్చింది అది చదివినప్పుడు.

ఆ రోజు 195 ఓట్లే పడ్డాయి. తీర్మానం వీగిపోయింది.

ప్రతిపక్షం ఆగలేదు. నెగ్గేదాకా మళ్లీ మళ్లీ పెడతామంది. బయట చలిలో జనం, చేతుల్లో పాటల కచేరీలకు తీసుకెళ్లే లైట్ స్టిక్‌లు. 12న యూన్ తను చేసింది సరైనదేనని ప్రసంగించాడు. 14న మళ్లీ ఓటింగ్. ఈసారి అందరూ సభలో ఉన్నారు. అనుకూలంగా 204 ఓట్లు. తీర్మానం నెగ్గింది.

2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా యూన్‌ని పదవి నుంచి తొలగించింది.

బలం లేదని తెలిసీ ప్రతిపక్షం 7నే ఓటింగ్‌కి వెళ్లడం మంచి పనే అంటాను నేను. ఎవరు పారిపోయారో దేశమంతా చూసింది కదా.

సంఖ్య కుదిరేదాకా ఆగాల్సిందంటారా మీరు?